తొమ్మిదో వాడ అందుబాటులో ఉంది

కిందూరు కాపలా గది డ్యూటీ పుస్తకం. రాస్తున్నది కనకతార, మొదటి షిఫ్టు.

112వ రోజు

ఆరు గంటలకు డ్యూటీ ఎక్కాను. పన్నెండు వాడల గాలీ బోర్డు మీద ఆకుపచ్చగా ఉంది. పైన, నేల మీద, ఎండ యాభై మూడు డిగ్రీలు. పైకి వెళ్లే ఏటవాలు దారి తలుపు మూసే ఉంది. మూడో వాడ ఫ్యాను మోత పెడుతోందని ఫిట్టర్లకు కబురు చేశాను.

ఒక సంగతి రాసి పెట్టాలి. డిస్కులో చోటు ఎంత మిగిలిందో చూద్దామని తొమ్మిదో వాడ సర్వరు లోపలి పేజీ తెరిచాను. అక్కడ గాలి డేటాబేసు ఎదురుగా 'అందుబాటులో లేదు' అని ఉంది. తలెత్తి గోడ మీది పెద్ద బోర్డు చూస్తే, అదే డేటాబేసు 'అందుబాటులో ఉంది'. రెండూ ఒకే సాఫ్ట్‌వేరు చూపించేవి. నాలుగు నిమిషాల తర్వాత లోపలి పేజీ కూడా 'ఉంది' అంది. నా కళ్లే మోసపోయాయేమో అనుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాను.

115వ రోజు

మళ్లీ అదే. ఈసారి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ బోర్డు మీద తొమ్మిదో వాడ చెడుగాలి 0.61 దగ్గర కదలకుండా నిలబడింది.

మనుషులు ఊపిరి పీల్చే చోట ఆ అంకె అలా నిలబడదు. పొయ్యి వెలిగిస్తే పెరుగుతుంది, ఫ్యాను జోరు పెంచితే తగ్గుతుంది. ఒకటి దాటితే ప్రమాదం. వాడలోని మీటర్లు నిమిషానికోసారి ఆ అంకెను డేటాబేసులో రాస్తాయి. ఫ్యాను ఎంత జోరుగా తిరగాలో కూడా ఆ డేటాబేసే చెబుతుంది. అది పలకకపోతే మా దగ్గర మిగిలేది చివరిసారి విన్న మాట ఒక్కటే.

ఒక కాగితం మీద రాసి ఇన్‌చార్జి లింగమూర్తి గారి బల్ల మీద పెట్టాను.

116వ రోజు

కాగితం మీద 'చూశాను' అని సంతకం పెట్టి తిరిగి పంపించారు. నేను వెళ్లి అడిగాను. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు. లోపలి పేజీలో ఏముందన్నది పక్కన పెట్టమనీ, బోర్డు ఆకుపచ్చగా ఉన్నంతసేపు ఎవరినీ కదిలించకూడదనీ, అది ఊరి కమిటీ పెట్టిన నియమమనీ చెప్పారు. మాటలో కోపం లేదు. ఆ నియమం ఎందుకు వచ్చిందో నాకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదని ఆయనకు తెలుసు.

మూడేళ్ల కింద ఒక రోజు పొద్దున బోర్డు మొత్తం ఒక్కసారిగా ఎర్రబడింది. సైరన్ మోగింది. జనం ఏటవాలు దారి ఎక్కి పైకి పరిగెత్తారు. కింద చెడుగాలి ఏమీ లేదు. సర్వర్లను కలిపే తీగ ఒకటి తెగింది, అంతే. జవాబు రాకపోతే ప్రమాదమని బోర్డు లెక్కేసుకుంది. పైన ఎండలో పదకొండు మంది చనిపోయారు. వాళ్లలో ఒకడు నా భర్త సదయ్య. అతను ఒకసారి నీడకు చేరాడట. పడిపోయిన వాళ్లను లాగడానికి మళ్లీ బయటికి వెళ్లాడట.

లింగమూర్తి గారు ఆ రోజు సైరన్ మీట నొక్కిన మనిషి. ఆ తర్వాత ఆయన జుట్టు నెల రోజుల్లో తెల్లబడింది.

119వ రోజు

మధ్యాహ్నం డ్యూటీ దిగి ఓదెలు బావ ఇంటికి వెళ్లాను. బావ సదయ్యకు అన్న. తొమ్మిదో వాడ మొదట్లో, కూతురు జమునతో ఉంటాడు. జమున అదే వాడలో బడి చెబుతుంది. బావ ముప్పై ఏళ్లు చేతి మీటరు పట్టుకుని వాడ వాడా తిరిగి గాలి చూసినవాడు. బోర్డు వచ్చాక ఆ పని తీసేశారు. మీటరు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. అలవాటు పోక ఇప్పటికీ రోజూ వాడ చివరిదాకా నడిచి వస్తాడు.

నేను బోర్డు సంగతి చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, మీటరు తెచ్చి గుమ్మంలో పట్టి చూశాడు. 0.6. నన్ను చూసి నవ్వి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. జమున ఇంకో గరిటె పప్పు వేసింది. నువ్వు తినవు కానీ, చిక్కిపోయావని మాత్రం అందరితో అనిపిస్తావు చిన్నమ్మా అంది. సదయ్య పోయినప్పటి నుంచి వారానికి రెండు పూటలు నాకు అక్కడే భోజనం.

వాడ చివర పాత గోడ దగ్గర ఈ మధ్య తల పట్టేసినట్టు ఉంటోందని బావ అన్నాడు. ఆ గోడ అవతల ఎప్పుడో బొగ్గు తీసి మూసేసిన గుహలున్నాయి. అక్కడ ఊరే చెడుగాలిని ఫ్యాను ఎప్పటికప్పుడు లాగేస్తూ ఉంటుంది. వయసు మీద పడింది బిడ్డా, అంతే అని తనే మాట మార్చేశాడు.

121వ రోజు

ఈ రోజు డేటాబేసు నలభై నిమిషాలు పలకలేదు. బోర్డు ఆకుపచ్చ. ఫ్యాను ఆ పాత అంకెను పట్టుకునే తిరిగింది.

షిఫ్టు అయ్యాక సాఫ్ట్‌వేరు అమరికలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. దొరికింది. లోపలి పేజీ నేరుగా డేటాబేసును అడుగుతుంది. జవాబు రాకపోతే లేదంటుంది. బోర్డు మాత్రం జవాబు రాకపోతే అంతకు ముందు వచ్చిన జవాబునే చూపిస్తూ ఉంటుంది. అంటే 'ఉంది' అన్న మాట ఒకసారి వచ్చిందా, డేటాబేసు చచ్చిపోయినా బోర్డు ఉందనే అంటుంది.

ఆ అమరిక పక్కన మార్చిన మనిషి పేరు, తేదీ ఉంటాయి. పేరు నాది. సదయ్య పోయిన పదిహేనో రోజు.

అప్పుడు కమిటీ అడిగింది, తీగ తెగితే బోర్డు ఎర్రబడకుండా చేయగలవా అని. చేయగలనన్నాను. ఇంకెవరి ఇంట్లోనూ ఆ ఏడుపు వద్దనుకున్నాను. ఆ రోజుల్లో నేను తిన్నదీ పడుకున్నదీ గుర్తు లేదు, ఈ అమరిక మార్చడం కూడా సరిగా గుర్తు లేదు. తెగిన తీగకు, చచ్చిన డేటాబేసుకు బోర్డు తేడా తెలుసుకోగలదా అని నేను ఆలోచించలేదు. నన్నెవరూ అడగనూ లేదు.

ఇదంతా రెండో కాగితంగా రాసి, నా పేరుతో సహా, లింగమూర్తి గారికి ఇచ్చాను. అమరిక నా అంతట నేను వెనక్కి మార్చకూడదు, కమిటీ ఒప్పుకోవాలి. 125వ రోజు కమిటీ కూర్చుంటుందన్నారు. నాలుగు రోజులే కదా అన్నారు. సరేనన్నాను.

123వ రోజు

ఇది మరునాడు రాస్తున్నాను. జరిగినది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిది గంటలకు తొమ్మిదో వాడ డేటాబేసు లోపలి పేజీలో 'లేదు' అయింది. బోర్డులో 'ఉంది'. అంకె 0.61. తొమ్మిదింటికీ 0.61. మూడో కాగితం రాసి పంపాను. లింగమూర్తి గారు నీటి పంపుల దగ్గర ఉన్నారు, కాగితం చేరినట్టు సంతకం వచ్చింది, మనిషి రాలేదు. ఆయన సంతకం లేకుండా వాడ ఖాళీ చేయించే హక్కు నాకు లేదు.

పదీ ఇరవైకి ఓదెలు బావకు ఫోన్ చేశాను. మీటరు పట్టుకుని చివరిదాకా ఒకసారి చూసి రమ్మన్నాను. మోకాళ్ల నొప్పి ఉన్నా వెంటనే బయల్దేరాడు. వాడ పొడవు కిలోమీటరున్నర.

పదకొండు కావస్తుండగా చివరి ఫోన్ నుంచి చేశాడు. పోశం, మల్లక్క అనే ముసలి దంపతుల ఇంటి అరుగు పక్కన ఉంటుంది ఆ ఫోన్. ఆయాసపడుతున్నాడు. మీటరు 1.1 చూపిస్తోందని చెప్పాడు. జనాన్ని కదిలించమంటావా అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే లోపలి పేజీ మారింది. 'అందుబాటులో ఉంది'. బోర్డు కూడా అదే మాట. రెండు చోట్లా ఒకే మాట చూసి ఎన్ని రోజులైందో. అంకె కూడా కదిలింది. 0.58 అయింది. మళ్లీ 0.57. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"డేటాబేసు లేచింది బావా. రెండు దిక్కులా ఉన్నదనే అంటున్నది. గాలి 0.57," అన్నాను.

"మరి నాది ఒకటి దాటింది గదా తారా."

"ఎప్పటి మీటరు బావా అది."

"అవు. ముసల్ది అయింది, నా లెక్కనే." చిన్నగా నవ్వాడు. "నువ్వు చెప్పినంక ఇగ దీన్ని చూసుడెందుకు. సంచిల పెడుతున్న."

ఆ తర్వాత నేను అన్న మాట కూడా రాయాలి. "గంత దూరం నడిచినవ్. జర సేపు కూసోని రా," అన్నాను.

"మల్లక్క చాయ పెడుతనంటున్నది. తాగి వస్త," అన్నాడు.

పదకొండూ నలభైకి జమున బడి నుంచి ఫోన్ చేసింది. పిల్లలకు తల నొప్పి, ఇద్దరికి వాంతులు, నేను ఇరవై ఆరు మందిని తీసుకుని ఎనిమిదో వాడకు వెళ్తున్నాను, ఎవరి సంతకం కోసమూ ఆగను అని చెప్పింది. బోర్డు మీద 0.56. ఆకుపచ్చ. నేను చివరి ఫోన్‌కు చేశాను. మోగింది. మళ్లీ చేశాను. మోగుతూనే ఉంది.

సంతకం లేకుండానే తొమ్మిదో వాడ సైరన్ నొక్కాను. జనం ఎనిమిదో వాడ తలుపు దాటి వచ్చారు. గాలి ముసుగులు వేసుకున్న వాళ్లు లోపలికి వెళ్లి ఐదుగురిని తెచ్చారు. పోశం, మల్లక్క, వాడ చివర పుట్టగొడుగుల మళ్లలో పని చేసే అక్కాచెల్లెళ్లు సమ్మక్క, రాజేశ్వరి, ఓదెలు బావ. ఎవరికీ ఊపిరి లేదు. బావ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. సంచి ఒళ్లో ఉందట, నాడా ముడి వేసి.

124వ రోజు

అంకెలు ఎందుకు కదిలాయో తెలిసింది. డేటాబేసు పడిపోయి ఉన్నంతసేపు మీటర్లు తమ అంకెలను వరుసలో దాచి పెట్టుకున్నాయి. డేటాబేసు లేవగానే ఎనిమిది గంటల నుంచి ఒక్కొక్కటే రాయడం మొదలుపెట్టాయి. పదకొండింటికి నేను చూసింది ఎనిమిదింటి గాలి. ఫ్యాను కూడా అదే చూసింది. గాలి బాగుందనుకుని జోరు తగ్గించింది. గోడ అవతలి చెడుగాలి ఆ తగ్గిన జోరులో ఇవతలికి వచ్చింది.

డేటాబేసు అబద్ధం చెప్పలేదు. అందుబాటులో ఉందంటే ఉంది. ఉన్నదల్లా పాత మాటలు.

131వ రోజు

విచారణ పెద్ద హాలులో జరిగింది. ఊరు ఊరంతా వచ్చింది.

ముందు లింగమూర్తి గారిని పిలిచారు. ఆయన నా మూడు కాగితాలూ బల్ల మీద పరిచారు. మూడింటి మీదా ఆయన సంతకం ఉంది. ఏం చెబుతావని అడిగారు.

"చూసిన అని సంతకం పెట్టిన. చూసుడే చేసిన, చదవలే," అన్నారు. "మళ్ల సైరన్ నొక్కుడు నాతోని కాదని కండ్లు మూసుకున్న."

తర్వాత నేను లేచాను. అమరిక మార్చింది నేనని చెప్పాను. ఓదెలును పంపింది నేనని చెప్పాను. ఆయన మీటరు నిజం చెబుతుంటే పాతదని తీసిపారేసింది నేనని చెప్పాను. కూర్చొని రమ్మన్నది కూడా చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు, ఫోన్ మాటలు ఎక్కడా దాచరు. కానీ జమున హాలు చివర నిలబడి ఉంది. ఆమె తండ్రి ఎందుకు కూర్చున్నాడో ఆమెకు తెలియాలి కదా.

నేను చెప్పడం అయిపోయేలోపే ఆమె బయటికి వెళ్లిపోయింది.

కమిటీ నాకు శిక్షేమీ వేయలేదు. మూడు కాగితాలు రాసింది కదా అన్నారు. కాపలా గది నుంచి నన్ను తీసేయమని నేనే అడిగాను. ఎనిమిదో వాడకూ తొమ్మిదో వాడకూ మధ్య ఉన్న ఇనుప తలుపు దగ్గర డ్యూటీ వేశారు. లింగమూర్తి గారు ఇన్‌చార్జి పని వదిలేశారు. పుట్టగొడుగుల మళ్లలో సమ్మక్క వాళ్ల పని ఇప్పుడు ఆయనే చేస్తున్నారని విన్నాను.

140వ రోజు

బోర్డును ఏం చేయాలన్న దాని మీద మళ్లీ సభ. కొత్త ఇన్‌చార్జి నన్ను కూడా పిలిచింది. నేను చెప్పింది ఇంతే. బోర్డుకు రెండే మాటలు వచ్చు, ఉంది, లేదు. మొదట మేము జవాబు రాకపోతే 'లేదు' అని చెప్పించాం. పదకొండు మంది పోయారు. తర్వాత 'ఉంది' అని చెప్పించాం. ఐదుగురు పోయారు. రెండుసార్లూ బోర్డుకు తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పించాం. 'తెలియదు' అనే మూడో మాట పెట్టండి. అంకె పక్కన అది ఎన్ని గంటలకు కొలిచినదో కూడా వేయండి.

కమిటీలో పెద్దాయన ఒకరు ఒప్పుకోలేదు. ఎర్ర దీపం చూస్తేనే అంత పరుగు తీశారు, గాలి ఎట్లుందో మాకే తెలియదని బోర్డు మీద రాస్తే జనం బతకనిస్తారా అన్నారు. చాలామంది తలలు ఊపారు. ఆయన చెప్పింది అబద్ధమని నేను కూడా అనలేకపోయాను.

అప్పుడు జమున లేచింది. ఆ పదిహేడు రోజుల్లో ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. గట్టిగా మాట్లాడలేదు. పిల్లలకు పాఠం చెప్పినట్టే చెప్పింది.

"మా నాయిన చేతిల మీటరు ఒకటి దాటింది. అయినా బోర్డు ఉన్నదన్నదని సంచిల పెట్టిండు. తెలువదని చెప్పి ఉంటే పెట్టకపోయేటోడు. తెలువదంటే మనిషి తన కండ్లతోని చూస్తడు. మేం గంత పిచ్చోళ్లం కాదు సార్."

చేతులెత్తమన్నారు. నేను లెక్క పెట్టలేదు. మూడో మాట పెట్టాలని తేలింది.

బయటికి వచ్చేటప్పుడు జమున పక్కన నడవాలని ప్రయత్నించాను. ఆమె అడుగు వేగం పెంచలేదు, ఆగనూ లేదు. కొంత దూరం పోయాక, "చిన్నమ్మా, నీ మీద నాకు కోపం లేదు. కానీ నిన్ను చూస్తే నాయిన కూసున్నదే కండ్ల ముందట కనిపిస్తది. కొన్ని దినాలు రాకు," అంది. సరే బిడ్డా అన్నాను.

ఆ వారం నుంచి నేను ఇంట్లోనే వండుకుంటున్నాను.

171వ రోజు, ఎనిమిదో వాడ తలుపు

పొద్దున పదింటికి తలుపు పైనున్న చిన్న బోర్డు మీద తొమ్మిదో వాడ ఎదురుగా పసుపు రంగు వచ్చింది. 'తెలియదు'. కింద చివరి కొలత వేళ, తొమ్మిదీ నలభై ఎనిమిది. ఆ మాట ఒక వాడకు రావడం ఇదే మొదలు. తలుపు రెండు రెక్కలూ తెరిచి గొలుసులు తగిలించాను.

పరుగులు రాలేదు. సైరన్ కూడా లేదు. ముందు ఒక ముసలామె చేతికర్రతో వచ్చింది. తర్వాత ఇద్దరు, ఆ తర్వాత గుంపు. ఎవరో పొయ్యి మీది అన్నం గిన్నెతో సహా వచ్చారు. ఒకాయన తలుపు దగ్గర ఆగి, అందరూ వచ్చేదాకా నిలబడతానని నా ఎదురుగా నిలబడ్డాడు. ఎవరి ఇంట్లో ఎవరు మిగిలారో ఒకరినొకరు అడుగుతున్నారు. నేను పుస్తకంలో గీతలు గీస్తూ లెక్క పెట్టాను. నాలుగు వందల పన్నెండు మంది. వాడంతా ఖాళీ కావడానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది.

చేతి మీటర్లు పట్టుకుని ఇద్దరు లోపలికి వెళ్లి చూసి వచ్చారు. గాలి బాగానే ఉంది. డేటాబేసులో డిస్కు నిండిపోయిందట, అంతే. జనం విసుక్కోకుండా వెనక్కి మళ్లారు. ఒకామె, పోనీ ఈ వంకన అందరం ఒక్కసారి నడిచాం అంది.

ఇంత తేలికా అనిపించింది. ముప్పై ఐదు నిమిషాల నడక. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను కానీ నా వల్ల కాలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

చివరగా బడి పిల్లలు వెనక్కి వెళ్లారు. రెండేసి మంది చేతులు పట్టుకుని, వెనక జమున. ఆమె చంకలో ఒక చిన్న పాప నిద్రపోతోంది, ఇంకో పాప నడవనని నేల మీద కూర్చుని మొండికేసింది. జమున నా ముందు ఆగింది. నన్ను చూసింది. చంకలోని పాపను నా చేతుల్లో పెట్టి, వంగి రెండో పాపను ఎత్తుకుని, తొమ్మిదో వాడలోకి నడవడం మొదలుపెట్టింది.

తలుపు డ్యూటీ ఎనిమిదో వాడ వైపు కాపలా ఉన్న ఆయనకు అప్పజెప్పాను. వేళ పదకొండూ పది. పాప నా భుజం మీద ఊపిరి తీస్తోంది. నేను జమున వెనకాలే నడిచాను.